ఫాంట్ డౌన్‌లోడ్ ఆపేయమన్నారు.. ఆపితే తెలుగు ఆగిపోయింది

మొన్నామధ్య ఆఫీసులో నాకో పని అంటగట్టారు. కస్టమర్లు అప్‌లోడ్ చేసే జిప్ ఫైళ్ళని విప్పే కోడు ఒకటి మా ప్రాడక్టులో ఉంది. ఎప్పుడో ఎవరో సీ ప్లస్ ప్లస్‌లో రాసి వెళ్ళిపోయారు. దాని కింద వాడిన లైబ్రరీ పాతబడింది, అందులో బయటపడ్డ లోపాలు ఏవేవో చూసి కొత్త వెర్షనుకి మార్చాలి. ఇలాంటి పని ఎవరికీ నచ్చదు కాబట్టి తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. టీములో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, ఫైలు విప్పుడే కదా, దాంట్ల సెక్యూరిటీ ఏముంటది?" అన్నాడు. వాడికి సరైన జవాబు చెబుదామని పాత సెక్యూరిటీ బులెటిన్లు తిరగేస్తూ కూర్చున్నా. ఒక్క రోజులో తేలాల్సిన పనికి మూడు రోజులు పట్టింది. దానికి కారణం 2006 జనవరి 10న మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక బులెటిన్.

దాని నంబరు ఎంఎస్06-002. విండోస్‌లో టీ2ఎంబెడ్.డీఎల్ఎల్ అనే ఫైలు ఒకటి ఉండేది. వెబ్ పేజీతో పాటు వచ్చే ఫాంటుని విప్పి విండోస్‌కి అందించడం దాని పని. కావాలని చెడగొట్టిన ఫాంటు ఒకటి పేజీలో పెడితే చాలు, ఆ పేజీ తెరిచినవాడి కంప్యూటరు పెట్టినవాడి చేతికి పోతుంది. ఈఐ అనే కంపెనీ వాళ్ళు కనిపెట్టి చెప్పారు. ప్యాచ్ వేసుకోలేని వాళ్ళకి బులెటిన్‌లో ఒక ఉపాయం కూడా ఉంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో ఫాంట్ డౌన్‌లోడ్ అనే సెట్టింగుని ఆపేసుకోండి, అలా చేస్తే ఫాంటు కలిపి పంపే పేజీలు మాత్రం సరిగ్గా కనపడవు అని దాని సారాంశం.

ఆ మాట చదవగానే నాకు పాలమూరులో మా మామ నెట్ సెంటర్ గుర్తొచ్చింది.

మాది నల్గొండ. అమ్మమ్మ వాళ్ళది మహబూబ్‌నగర్. ఎండాకాలం సెలవులొస్తే మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులో పోయి నెలన్నర అక్కడే ఉండేవాణ్ణి. మా మేనమామ అప్పట్లో ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపేవాడు. 2006 ఎండాకాలం నాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఖాళీ కంప్యూటరు దొరికితే గేములు ఆడుకోవడం, గిరాకీ వస్తే లేచిపోవడం. వచ్చేవాళ్ళలో సగం మంది డీఎస్సీకో, పోలీసు ఉద్యోగాలకో ప్రిపేరయ్యే వాళ్ళు. తెలుగు పేపర్ల వెబ్‌సైట్లలో చదువుల పేజీలు తెరిచి ప్రింట్లు తీసుకునేవాళ్ళు. గంటకి పదిహేను రూపాయలు, ప్రింటుకి వేరే.

ఒకరోజు కంప్యూటర్లు రిపేరు చేసే ఒకాయన వచ్చాడు. నెట్‌లోంచి ఫాంట్లు దిగకుండా ఆపుకోవాలట, లేకపోతే వైరస్‌లు వస్తాయట అని చెప్పి ఆరింటిలోనూ ఏదో సెట్టింగు మార్చి పోయాడు. మర్నాడు పొద్దున మొదటి గిరాకీ కూర్చున్న రెండు నిమిషాలకే "అన్నా, తెలుగు పోయింది" అని కేక. చూస్తే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు. ఒక్క ముక్క అర్థం కాదు. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు లేచి, పక్క సెంటర్‌లో మంచిగనే వస్తుందని అటు పోయారు. రెండో రోజు మామ ఆరింటిలోనూ సెట్టింగు వెనక్కి తిప్పేశాడు. "గిరాకీ పోయినంక ఇగ వైరస్ వచ్చి ఏం తీస్కపోతది రా" అన్నాడు నాతో.

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత ఆ బులెటిన్ చూశాక గానీ ఆ రిపేరు చేసే ఆయన చెప్పింది నిజమేనని తెలియలేదు. మామ చేసింది కూడా తప్పు అనలేను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే, మొదటి వెర్షనులోనే చేరింది. కానీ చేరడం వేరు, తెర మీద కనపడడం వేరు. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే అయిపోతుంది. మనకి గుణింతాలు, ఒత్తులు. ఒత్తు కిందికి పోవాలి, గుడి పైకి పోవాలి, కొన్నిచోట్ల తలకట్టు ఎగిరిపోవాలి. ఇవన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ మామూలు జనం వాడే విండోస్ 98లో తెలుగుకి లేదు. ఈనాడు లాంటి పత్రికలు నెట్‌లోకి వచ్చిన రోజుల్లో ఉన్న దారి ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాల జాగాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి సొంత ఫాంటు తయారుచేసుకోవడం, దాన్ని పేజీతో పాటే పాఠకుడి కంప్యూటరుకి పంపడం. వీటినే డైనమిక్ ఫాంట్లు అనేవాళ్ళు. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 4తో మైక్రోసాఫ్ట్ ఈ సౌకర్యం తెచ్చింది. నెట్‌స్కేప్‌కి వేరే పద్ధతి ఉండేది గానీ అది నిలబడలేదు. ఆ ఫాంటు దిగకపోతే మిగిలేది మా మామ సెంటర్‌లో కనపడ్డ పిచ్చి గీతలే. తర్వాత వెన్న నాగార్జున గారి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత వచ్చి, ఆ గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. ఎంతమందికి అన్నం పెట్టిందో ఆ పొడిగింత!

ఇక్కడే కంప్రెషన్ వస్తుంది. 56 కేబీపీఎస్ డయలప్ మీద వంద కేబీ ఫాంటు దిగాలంటే లైను ఎంత బాగున్నా దాదాపు 15 సెకన్లు. అందుకని ఫాంటుని కుదించి పంపే ఏర్పాటు చేశారు. మైక్రోటైప్ ఎక్స్‌ప్రెస్ అని దాని పేరు, అందులో ఎల్‌జడ్‌కాంప్ అనేది కుదించే భాగం. జిప్ ఫైలుకి ఇది దూరపు చుట్టం. రెండింటిలోనూ కిటుకు ఒకటే. ఒకసారి వచ్చిన ముక్క మళ్ళీ వస్తే, దాన్ని మళ్ళీ రాయకుండా "ఇంత వెనక్కి పోయి ఇన్ని బైట్లు తెచ్చుకో" అని రాస్తారు. విప్పేవాడు ఆ మాట నమ్మి కాపీ చేసుకుంటూ పోవాలి. మొత్తం విప్పితే ఎంత అవుతుందో కూడా ఫైలులోనే రాసి ఉంటుంది, దాన్ని బట్టి ముందే జాగా తీసుకుంటాడు.

మిర్యాలగూడ మిల్లులకి వడ్లు తోలిన వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తక్‌పట్టీ మీద యాభై బస్తాలు అని రాసి ఉంది. మీరు గోదాంలో యాభై బస్తాల జాగా ఖాళీ చేసి పెట్టారు. లారీలో ఎనభై ఉన్నాయి. దించే హమాలీ లెక్క చూడకుండా దించుకుంటూ పోతే మిగతా ముప్పై పక్కవాడి వడ్ల మీద పడతాయి. కంప్యూటరులో ఆ పక్కన ఉన్నది తర్వాత ఏ పని చేయాలో చెప్పే సమాచారం అయితే, దాని మీద పడ్డ బస్తాల్లో దుర్మార్గుడు రాసిందే కంప్యూటరు చేస్తుంది. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటాం. ఇంకో రకం ఉంది. 32 బిట్ల సంఖ్య 429,49,67,295 దాకా పోయి ఇంకొకటి కలిపితే సున్నాకి వస్తుంది. జాగా ఎంత కావాలో లెక్కకట్టేటప్పుడు ఇలా తిరగబడితే, కొండంత సరుక్కి గుప్పెడు జాగా తీస్తారు. ఎల్‌జడ్‌కాంప్‌లో సరిగ్గా ఇలాంటి పూర్ణాంక లోపమే ఉందని 2010 జనవరిలో ఎంఎస్10-001 బులెటిన్‌లో ఒప్పుకున్నారు. మధ్యలో 2009 జూలైలో ఎంఎస్09-029 అని ఇంకోటి ఉంది, అది కూడా ఈ వెబ్ ఫాంట్ల కోడులోనే. నాలుగేళ్ళలో ఒకే మూల మూడుసార్లు కూలింది.

మా వాడు అడిగిన జిప్ సంగతి కూడా ఇదే. విండోస్ ఎక్స్‌పీలో జిప్ ఫైలుని ఫోల్డరులా తెరిచే సదుపాయం ఇచ్చారు. దాని మీద 2002 అక్టోబరులో ఒక బులెటిన్, 2004 అక్టోబరులో ఎంఎస్04-034 అని ఇంకో బులెటిన్. రెండూ పొడవు సరిగ్గా చూసుకోకపోవడం వల్లే. విండోస్‌ని తిట్టి ఊరుకోవడానికీ లేదు. లినక్స్ నుంచి బ్రౌజర్ల దాకా అందరూ వాడే జీలిబ్‌లో, ఒకసారి వదిలేసిన జాగాని రెండోసారి వదిలే లోపం 2002 మార్చిలో బయటపడింది. ఎన్ని ప్రోగ్రాముల్లో ఆ కోడు కలిసిపోయి ఉందో వెతుక్కోవడమే పెద్ద పనైంది. మనవాళ్ళు యూనికోడ్ వైపు మళ్ళాక దేశికాచారి గారు ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లలాంటివి నెట్‌లోంచి దించుకుని, విప్పుకుని వేసుకునేవాళ్ళం. మామకి తెలిసిన సెక్యూరిటీ అంతా యాంటీవైరస్ ఒక్కటే. ఫైలు విప్పే పనిముట్టే ప్రమాదం కావచ్చని ఆయనకెవరు చెబుతారు? నేనే ఇంజనీరింగ్ అయ్యాక గానీ తెలుసుకోలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఆ 2006 సలహా తప్పు సలహా కాదు. రెడ్మండ్‌లో కూర్చుని ఇంగ్లీషు పేజీలు చదివేవాడికి ఫాంట్ డౌన్‌లోడ్ ఆపితే పోయేదేమీ లేదు. ఏదో ఒక పేజీలో హెడ్డింగు కాస్త సాదాగా కనపడుతుంది. అదే సలహా మహబూబ్‌నగర్ వచ్చేసరికి, ఆ తెలుగు పేపర్ల పేజీలన్నీ మూసుకోమని అర్థం. వాడికి అది అలంకారం, మనకి అక్షరం. కాబట్టి మన పాఠకుడి ముందు రెండే దారులు. కంప్యూటరుకి ముప్పు ఉన్నా తెలుగు చదవడం, లేదా తెలుగు మానేసి క్షేమంగా ఉండడం. ఇలాంటి ఎంపిక ఇంగ్లీషు వాడికి ఎవరూ పెట్టలేదు. పేపర్ల వాళ్ళ తప్పు కూడా ఇందులో లేదు, అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్న పనిముట్టు అదే.

యూనికోడ్ వచ్చాక కష్టాలు తీరాయనుకున్నాం. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చింది, కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్కు పెట్టి సీడీ వేస్తే తెలుగు కనపడేది. అయితే ఒత్తులు పేర్చే పని ఇప్పుడు యూనిస్క్రైబ్ అనే భాగానికి వచ్చింది, అదే యూఎస్‌పీ10.డీఎల్ఎల్. 2010 సెప్టెంబరులో దాని మీద ఎంఎస్10-063 వచ్చింది. ఫాంటులోని పట్టికల్ని సరిగ్గా సరిచూడకపోవడం వల్ల మెమరీ చెడిపోయే లోపం. అదే ఏడాది మార్చిలో ఫైర్‌ఫాక్స్ 3.6 కూడా ఇదే గోతిలో పడింది. వోఫ్ అనే కొత్త కుదింపు ఫాంట్లని విప్పే కోడులో పూర్ణాంక లోపం దొరికితే 3.6.2లో సరిచేశారు. 2011లో డుక్యూ అనే గూఢచారి వైరస్ అయితే వర్డ్ ఫైలులో ట్రూటైప్ ఫాంటు పెట్టి నేరుగా విండోస్ కెర్నెల్‌లోకే దూరింది. ఎన్‌టీ 4.0 కాలంలో, అంటే 1996లో, బొమ్మలు గీసే కోడుని వేగం కోసం కెర్నెల్‌లోకి తీసుకుపోయిన పాపం అది.

2017 మార్చి 14 సంగతి ఇంకా విచిత్రం. ఆ రోజు మైక్రోసాఫ్ట్ ఎంఎస్17-010 అనే బులెటిన్ ఇచ్చింది. దాన్ని పట్టించుకోని వాళ్ళందరికీ మే 12న వన్నాక్రై రూపంలో బుద్ధొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. ఆ నంబరు మన ఫీల్డులో అందరికీ తెలుసు. దాని పక్క నంబరు ఎంఎస్17-011 ఏమిటో ఎంతమందికి తెలుసు? అదే రోజు, యూనిస్క్రైబ్ మీద. గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే మాత్యూష్ యుర్చిక్ అనే ఆయన లెక్కలేనన్ని చెడగొట్టిన ఫాంట్లని దాని నోట్లో పోసి చూస్తే కుప్పలుగా లోపాలు రాలాయి. ఆయన పోలండ్ మనిషి. తెలుగు, కన్నడ, హిందీ అక్షరాలు గీసే కోడుని అంత పట్టుగా పరీక్షించింది ఆయన! లక్షల మంది తెలుగు ఇంజనీర్లం ఉండి మనం కాదు. దీనికి నాకైతే కొంచెం సిగ్గేసింది.

ఆ తర్వాతది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరి. నేను బీటెక్ మూడో సంవత్సరం. హాస్టల్ మొత్తానికి ఐఫోన్ ఉన్నవాడు ఒక్కడే. వాడికి వాట్సాప్‌లో "జ్ఞా" పంపిస్తే యాప్ ఢమాల్‌మంటోందని తెలిసి, పాపం వాణ్ణి రెండు రోజులు ఏడిపించాం. తెలుగు అక్షరం ఐఫోన్‌ని కూల్చేస్తోందని ప్రపంచమంతా వార్తలు. మా పక్క రూములో ఉండే ఉత్తరాది అబ్బాయి "మీ భాషే అంత డేంజరా" అని నవ్వాడు. మేమూ నవ్వాం, పైగా గర్వపడ్డాం కూడా :)

నిజానికి అక్షరం తప్పేమీ లేదు. మామూలుగా "జ్ఞానం" అని టైపు చేస్తే ఏ ఫోనూ కూలలేదు. అప్పట్లో మొజిల్లాలో ఉన్న మనీష్ గోరేగావ్‌కర్ దాన్ని విప్పి చూపించాడు. కూల్చిన వరసలో జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటుంది, దాని వెనక దీర్ఘం. ఆ కనపడని గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మనం రోజూ వాడేది అదే. కాకపోతే ఇక్కడ అది ఉండకూడని చోట, హల్లుకీ గుణింతానికీ మధ్యన కూర్చుంది. అలాంటి వరస వస్తే ఏం చేయాలో ఆపిల్ వాళ్ళ కోర్‌టెక్స్ట్‌కి తెలియలేదు, మెమరీ చెడిపోయింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా కొన్ని వరసలకి ఇలాగే జరిగింది. కానీ పేరు మాత్రం తెలుగుకే వచ్చింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. సీవీఈ-2018-4124 అని నంబరిచ్చి, కావాలని తయారుచేసిన అక్షరాల వరసతో మెమరీ చెడిపోవచ్చని రాసుకున్నారు. అంటే అది హాస్టల్ జోకు కాదు, ఎంఎస్06-002 లాంటిదే ఒక సెక్యూరిటీ లోపం. వచ్చిన సరుకుని సరిచూడకుండా దించుకోవడమే.

ఇవన్నీ వరసగా పెట్టుకుని చూస్తే నాకు ఒకటే కనపడింది. లోపాలు దాక్కునేది ఎవరూ చూడని కోడులో. విన్‌రార్‌లో ఏస్ అనే పాత ఫైళ్ళని విప్పే డీఎల్ఎల్ ఒకటి 2005 ప్రాంతంలో తయారైంది. సోర్సు కూడా వాళ్ళ దగ్గర లేదు. 2019లో దానిలో లోపం బయటపడితే బాగుచేయలేక ఆ సౌకర్యమే పీకేశారు. 2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ఏకంగా దొంగదారి పెట్టేశారు. అలసిపోయిన ఒక్క మనిషి నడుపుతున్న ప్రాజెక్టు అది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కూపీ లాగబట్టి దొరికింది. విప్పే కోడు ఎవరూ చూడరు. తెలుగు గీసే కోడూ ఎవరూ చూడరు. మొదటిది అందరి సమస్య కాబట్టి ఎవరో ఒక ఫ్రాయిండ్ పట్టుకుంటాడు. రెండోది మనం చూడకపోతే ఎవరు చూస్తారు? మన ఫోన్లు ఇంగ్లీషులో, మన టెస్టు డేటా ఇంగ్లీషులో, మన ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో. తెలుగు వాడేది మన అమ్మానాన్నలు. పగిలితే వాళ్ళ ఫోను పగులుతుంది.

మూడో రోజు మా కుర్రాణ్ణి పిలిచి కాగితం మీద "జ్ఞానం" అని రాశా. "ఎన్ని అక్షరాలు?" అంటే రెండు అన్నాడు. కంటికి రెండే. యూనికోడ్ లెక్కలో ఆరు. యూటీఎఫ్-8 బైట్లలో పద్దెనిమిది. "ఇప్పుడు మన కోడు ఏ లెక్కతో జాగా తీస్తుందో చూడు" అన్నా. జిప్ లోపలి ఫైళ్ళ పేర్లు యూటీఎఫ్-8లో ఉండొచ్చని ఆ ఫార్మాట్‌లో చేర్చిందే 2006లో. దానికి ముందు ఆలోచనలతో రాసిన కోడు ఇంకా చాలా చోట్ల బతికే ఉంది. తెలుగు పేర్లతో ఒక జిప్ చేసి పెట్టి వాడు సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు. ఆరు గంటలకి నా సీటు దగ్గరికి వచ్చాడు. లైబ్రరీలో కాదు, మా సొంత కోడులోనే, అక్షరాలు లెక్కపెట్టి బైట్లు కాపీ చేసే లైను ఒకటి దొరికింది. ఇంగ్లీషు పేర్లతో ఎన్నేళ్ళు నడిపినా అది బయటపడదు. అక్కడ అక్షరమూ బైటూ ఒకటే కదా.

ఆ రాత్రి మామకి ఫోన్ చేశా. ఇప్పుడు ఆయనకి నెట్ సెంటర్ లేదు, అదే మడిగెలో జిరాక్స్ షాపు. ఫాంట్ల సంగతి అడిగితే గుర్తుంది అన్నాడు. "మరి ఆ రిపేరాయన చెప్పింది నిజమేనా రా?" అన్నాడు. నిజమేనని చెప్పా. కాసేపు ఆగి "అయితే గప్పుడు నేనేం చేయాల్సుండె మరి?" అన్నాడు.

ప్యాచ్ వేసుకోవాల్సింది అని చెప్పొచ్చు. ఆరు కంప్యూటర్లలో ఏదీ అసలు విండోస్ కాదు, అదీ ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన ముందు పెట్టిన రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా నష్టమే. ఆ దారులు గీసినప్పుడు అక్కడ తెలుగువాడు ఒక్కడూ లేడేమో. ఇప్పుడు మనం అక్కడ చాలామందిమి ఉన్నాం. రేపు ఆఫీసుకి పోయాక మీ టెస్టు కేసుల్లో ఒక "జ్ఞానం", ఒక "సాఫ్ట్‌వేర్" పడేసి చూడండి. ఏం కూలిందో నాకూ చెప్పండి.